పలుగురాతి సిరల్లో బంగారం: ఒక నమూనా తయారీ డైరీ

జూలై, గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజులు

ఇసుక, బురద పేరుకుని గట్టిపడిన అవక్షేప శిలల మధ్య, పగుళ్ళలో నిండిన తెల్లని పలుగురాతి సిరల్లోకి బంగారం ఎలా చేరుతుందో చూపే నమూనా ఒకటి ఈ ఏడాది విజ్ఞాన ప్రదర్శన నాటికి సిద్ధం చేయాలని మా ఉన్నత పాఠశాల పిల్లలూ నేనూ నిర్ణయించుకున్నాము. అమలాపురం చుట్టుపక్కల పుట్టి పెరిగిన పిల్లలకు రాయి అంటే లారీలో వచ్చేదే. బోరు వేసినా, చెరువు తవ్వినా ఇక్కడ తగిలేవి ఒండ్రు, ఇసుక, బంకమట్టి మాత్రమే. ఇంత మెత్తటి నేల మీద రాతి పాఠం ఎందుకని తోటి ఉపాధ్యాయులు అడిగారు. ప్రపంచంలో పేరుమోసిన బంగారు క్షేత్రాల్లో కొన్ని మొదట ఇలా నీటి అడుగున పేరుకున్న ఇసుక, బురదేనని, అందుకే ఈ పాఠం మొదలుపెట్టడానికి డెల్టాను మించిన చోటు లేదని నా అభిప్రాయం.

పిల్లల మనసులో ఉన్న చిత్రం వేరు. కరిగిన బంగారం లావాలాగా కింది నుంచి ఉబికివచ్చి రాతి పగుళ్ళలో గడ్డకట్టిందని వారిలో చాలామంది అనుకుంటున్నారు. బంగారం కరగాలంటే 1,064 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మేము చూపదలచిన రకం సిరలు ఎక్కువగా 250 నుంచి 400 డిగ్రీల మధ్య ఏర్పడ్డాయని పలుగురాతిలో చిక్కుకుపోయిన సూక్ష్మమైన ద్రవ బిందువులను పరిశీలించి శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే అక్కడికి వచ్చినది కరిగిన లోహం కాదు, లోహాన్ని అణువుల రూపంలో మోసుకొచ్చిన వేడినీరు. ఆ నీరు ఎక్కడిది, బంగారాన్ని ఎలా మోసింది, ఎందుకు అక్కడే దించింది అన్న మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు అమరికలు కావాలి. మొదటిది మట్టి, రెండోది మడత, మూడోది సిర.

ఆగస్టు, మట్టి

రొయ్యల చెరువు ఎండగట్టినప్పుడు అడుగున కనిపించే నల్లమట్టిని ఒక రైతు అనుమతితో రెండు గాజు సీసాల్లోకి తెచ్చుకున్నాము. ఆ మట్టికి కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉంటుందని ఇక్కడ చెరువు చేసే ప్రతివారికీ తెలుసు. ప్రాణవాయువు అందని బురదలో బాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని తింటూ, నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది; ఆ వాసన దానిదే. అది మట్టిలోని ఇనుముతో కలిసినప్పుడు నల్లని ఐరన్ సల్ఫైడ్, కాలక్రమంలో పైరైట్ ఏర్పడతాయి. కోరింగ మడ అడవుల కాలవల్లో బురద నల్లగా ఉండటానికీ కారణం ఇదే.

ఒక సీసాలో పాత వెండి మెట్టెను దారం కట్టి వేలాడదీస్తే దాని మెరుపు పోయి నల్లబడింది. అదే సీసాలో బంగారం వేసి చూద్దామని పిల్లలు పట్టుబట్టారు కాని, ఇంట్లో ఆ ప్రతిపాదన సాగలేదు. సాగినా ఫలితం ముందే తెలుసు: మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఈ వాయువు బంగారాన్ని ఏమీ చేయలేదు. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున, మూడు నాలుగు వందల డిగ్రీల వేడిలో మాత్రం కథ మారుతుంది. అక్కడ ఒక్కొక్క బంగారు అయాన్, గంధకం, హైడ్రోజన్ కలిసిన రెండు బైసల్ఫైడ్ అయాన్లతో జతకట్టి నీటిలో కరిగి ప్రయాణించగలుగుతుంది. వెండిని నల్లబరిచిన గంధకమే లోతులో బంగారానికి వాహనమవుతుందన్న విషయం ఈ ప్రాజెక్టు మొత్తానికి ఇరుసు అని నేను భావిస్తున్నాను. అందుకే మట్టి సీసాను ప్రదర్శన బల్ల మీద మొట్టమొదట పెట్టాలని, మూత తీసి వాసన చూపించాలని నిశ్చయించాము.

సముద్రం అడుగున పేరుకునే నల్లబురదలో అతి స్వల్పంగా బంగారమూ ఉంటుంది. నీటిలోని బంగారాన్ని సేంద్రియ పదార్థం, పైరైట్ పట్టి ఉంచుతాయి. బురద మీద బురద పేరుకుని పొర కిందికి దిగేకొద్దీ మొదట రేణువుల మధ్య నీరు పిండుకుపోతుంది. తరువాత దక్కను నల్లరాతి నేలల నుంచి గోదావరి మోసుకొచ్చే స్మెక్టైట్ వంటి ఉబ్బే బంకమట్టి ఖనిజాలు, వంద డిగ్రీలకు అటూ ఇటూగా, తమలోని నీటిని వదిలి ఇల్లైట్ అనే ఖనిజంగా మారుతూ, పలుగురాతికి మూలపదార్థమైన సిలికాను కూడా కొంత విడుదల చేస్తాయి. బంగారం విషయంలో అసలైన దశ ఇంకా లోతున ఉంది. రమారమి 450 నుంచి 500 డిగ్రీల దగ్గర క్లోరైట్ వంటి ఖనిజాలు విచ్ఛిన్నమై, తమ నిర్మాణంలో బంధించి ఉంచిన నీటిని వదులుతాయి. అదే సమయంలో పైరైట్ కొంత గంధకాన్ని కోల్పోయి పైర్హొటైట్‌గా మారుతుంది. నీరు, కార్బన్ డయాక్సైడ్, గంధకం, దానితో పాటు బంగారం ఒకేసారి విడుదల కావడం వల్ల, ఉప్పదనం తక్కువగా ఉండే ఒక ప్రత్యేకమైన వేడి ద్రవం పుడుతుంది. పర్వత నిర్మాణంతో ముడిపడిన బంగారు నిక్షేపాలకు ఎక్కువమంది శాస్త్రజ్ఞులు చెప్పే మూలం ఇదే.

అదే నెల చివర, లెక్కలు

నమూనా పక్కన వేలాడదీయవలసిన అట్ట మీద ఏ అంకెలు రాయాలో పిల్లలతో లెక్క కట్టించాను. మామూలు రాతిలో బంగారం వందకోట్ల భాగాల్లో ఒకటి నుంచి నాలుగు భాగాలే. రెండు భాగాలు అనుకుంటే, ఒక్క టన్ను బంగారం పోగుపడటానికి 50 కోట్ల టన్నుల రాయి తనలోని బంగారాన్నంతా అప్పగించాలి. ఆస్ట్రేలియాలోని బెండిగో క్షేత్రం నుంచి ఇప్పటివరకు సుమారు 2.2 కోట్ల ఔన్సులు, అంటే 680 టన్నులకు దగ్గరగా బంగారం తీశారు. ఆ లెక్కన కనీసం 120 ఘనపు కిలోమీటర్లకు పైగా రాతిని నీరు కడిగి ఉండాలి. నిజానికి ఏ రాయీ ఉన్నదంతా ఇవ్వదు గనుక వాస్తవ పరిమాణం ఇంకా చాలా పెద్దది.

రాతి లెక్క పిల్లలకు అందలేదు, నీటి లెక్క వెంటనే అందింది. వేడి ద్రవంలో బంగారం వందకోట్ల భాగాల్లో పది భాగాలు ఉందనుకుందాము. అప్పుడు ఒక గ్రాము బంగారం మోయడానికి వంద టన్నుల నీరు, ఒక కాసుకు, అంటే ఎనిమిది గ్రాములకు, ఎనిమిది వందల టన్నుల నీరు కావాలి. ఎకరం వరిచేలో జానెడు లోతున నీరు నిలబెడితే ఇంచుమించు అంతే అవుతుంది. ఎకరం చేలో నీరంతా ఒకే సన్నని పగులు గుండా పోయి, పోతూ పోతూ తన బంగారాన్నంతా అక్కడే వదిలితే ఒక కాసు. అట్ట మీద ఈ ఒక్క లెక్క చాలని, మిగిలినవి రాయవద్దని తీర్మానించుకున్నాము.

సెప్టెంబరు, వినాయక చవితి తరువాత: మడత

ఎక్కువ సమయం తీసుకున్నదీ, నాకు ఎక్కువ తృప్తినిచ్చినదీ ఈ భాగమే. ఎదుటి గోడ అద్దంతో, పక్క గోడ మర తిప్పితే లోపలికి జరిగేలాగా, ఊరి వడ్రంగి చేత టేకు పెట్టె ఒకటి చేయించాము. అందులో చెప్పులకు వాడే మందపాటి రబ్బరు షీట్లను ఇసుకరాతి పొరలుగానూ, వాటి మధ్య గ్రీజు కలిపిన బంకమట్టిని షేల్, అంటే బురద గట్టిపడిన రాతి, పొరలుగానూ పేర్చాము. మర బిగించేకొద్దీ పొరలు పైకి వంగి అపనతిగా, కిందికి వంగి అభినతిగా మారాయి. గట్టి పొర తన మందాన్ని మార్చుకోదు. అందువల్ల ఒక పొర మీద ఇంకొకటి జారుతూ వంగుతుంది; వంపు మొనదేలిన చోట పై పొర, కింది పొర ఒకదానితో ఒకటి అతకలేక మధ్యలో ఖాళీ తెరుచుకుంటుంది. మెత్తటి మట్టి కొంత అటువైపు పారి ఆ ఖాళీని పూడ్చుతుంది, మిగిలిన జాగా ద్రవానికి దక్కుతుంది.

రబ్బరు పొరల మధ్య ఖాళీ దూరం నుంచి చూసేవారికి స్పష్టంగా కనిపించదన్న బెంగ నాకు ఉండేది. దానికి పరిష్కారం వడ్రంగే చెప్పాడు.

"బాబాయ్, ఈ సందు ఇంకాస్త బాగా కనబడే ఉపాయం ఏదైనా ఉందా?" అని అడిగాను.

"ఆయ్, దానికి రబ్బరెందుకండి మాస్టారూ? గూన పెంకు మీద గూన పెంకు బోర్లించండి. ఒకే అచ్చువైతే రెండూ అతుక్కోవండి, నడినెత్తిన ఎలుక దూరేంత సందుంటాది."

ఆయన మాటలో జ్యామితి నిక్కచ్చిగా ఉంది. ఒకే వంపు గల రెండు పెంకుల్లో పైదాని లోపలి వంపు, కిందిదాని వెలుపలి వంపు కంటే చిన్నది. అందువల్ల పై పెంకు అంచుల దగ్గర ఆనుకుని ఆగిపోతుంది, నడుమ పైకి ఉబ్బిన ఖాళీ మిగులుతుంది. మధ్యలో మందంగా, ఇరువైపులా దిగేకొద్దీ సన్నబడుతూ ఉండే ఆ ఆకారం గుర్రపు జీనును తలపిస్తుంది గనుకనే అలాంటి పలుగురాతి సిరలకు సాడిల్ రీఫులని పేరు. పాత పెంకుటిళ్ళు కూలుస్తున్న చోటి నుంచి మంచి పెంకులు ఏరి తెచ్చాము.

సాడిల్ రీఫులకు బెండిగోను మించిన ఉదాహరణ లేదు. అక్కడ 1851లో బంగారం బయటపడింది. సుమారు 48 నుంచి 44 కోట్ల సంవత్సరాల కిందటి ఆర్డోవిసియన్ యుగంలో సముద్రపు లోతుల్లో పేరుకున్న ఇసుక, బురద పొరలు తరువాత పర్వత నిర్మాణపు ఒత్తిడికి గురై, వరుసగా బిగుతైన మడతలు పడ్డాయి. సుమారు 44 కోట్ల సంవత్సరాల క్రితం ఆ మడతల శిఖరాల్లో పలుగురాయి, బంగారం నిండాయి. విశేషమేమంటే, ఒకే అపనతి శిఖరం వెంట ఒక రీఫు కింద మరొకటి, దాని కింద ఇంకొకటి ఉండటం వల్ల గని కార్మికులు పైనున్న రీఫు అయిపోగానే తిన్నగా కిందికి తవ్వుకుంటూ పోయారు. కొన్ని బావులు 1,300 మీటర్ల లోతు దాటాయి. కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఇదే తీరున మడతపడిన అవక్షేప శిలల్లో గనులు ఉన్నాయి.

మన రాష్ట్రంలోని రామగిరి, చిగురుగుంట, జొన్నగిరి బంగారమూ, 2001లో మూతపడిన కోలారు గనుల బంగారమూ చాలా పురాతనమైన గ్రీన్‌స్టోన్ పట్టీలకు చెందినవి. వాటిలో అగ్నిపర్వత మూలం గల శిలల పాలు ఎక్కువ. నీటి పని దాదాపు ఒకటే అయినా ఇల్లు వేరు గనుక వాటిని ఈ నమూనాలోకి తేవడం లేదు.

మరను ఇంకా బిగిస్తే మడత ఒక స్థాయి దాటి బిగియదు. మొనదేలిన మడతల రెండు రెక్కల మధ్య కోణం సుమారు 60 డిగ్రీలకు చేరేసరికి పొరల మీద పొరలు జారడం కష్టమవుతుంది. ఆపైన నొక్కితే మడతను కోసుకుంటూ భ్రంశం, అంటే ఇరువైపులా రాయి జారిన పగులు, ఏర్పడుతుంది. మా పెట్టెలో రబ్బరు చిరగదు కాబట్టి ఇది కనిపించదు. రాతిలో మాత్రం లోతు నుంచి నీరు పైకి రావడానికి ముఖ్యమైన దారులు ఈ భ్రంశాలే.

సెప్టెంబరు చివర, ఒత్తిడి

ఖాళీ ఉంటే చాలదు, ఖాళీని తెరిచి ఉంచే ఒత్తిడి కావాలి. పది కిలోమీటర్ల లోతున పైనున్న రాతి బరువు వల్ల కలిగే ఒత్తిడి 260 మెగాపాస్కల్‌కు పైగా ఉంటుంది. అంత బరువు కింద ఏ సందూ తనంతట తాను తెరుచుకుని నిలబడదు. నీరు తప్పించుకునే దారి లేక, దాని ఒత్తిడి రాతి బరువుతో సమానమైనప్పుడే పగులు విచ్చుకుంటుంది.

భూమి లోపలి ద్రవాలు ఎంత ఒత్తిడితో ఉండగలవో కోనసీమలో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడిలో డ్రిల్లింగ్ జరుగుతున్న గ్యాసు బావి బ్లోఅవుట్ అయి, అంటే అదుపు తప్పి గ్యాసు పైకి ఎగజిమ్మి, రెండు నెలలకు పైగా మండింది. అక్కడిది సహజవాయువు, బంగారం మోసే వేడినీరు కాదు. అయినా పొరల మధ్య బందీ అయిన ద్రవానికి ఒక్కసారిగా దారి దొరికితే ఏమవుతుందో పెద్దవాళ్ళు కళ్ళారా చూసినదే.

ఒత్తిడిని చూపడానికి చైనా గ్రాస్ కాచి గాజు తొట్టెలో గడ్డకట్టించి, కింది నుంచి సూదితో రంగునీరు ఎక్కించాము. పక్క నుంచి ఏ ఒత్తిడీ లేనప్పుడు రంగునీరు నిలువుగా, ఆకులాంటి పలుచని పగులుగా పైకి పాకింది. తొట్టె గోడలకు, గడ్డకు మధ్య చెక్కలు దూర్చి గడ్డను పక్కల నుంచి నొక్కి ఉంచి ఎక్కించినప్పుడు పగులు పక్కకు తిరిగి అడ్డంగా పరుచుకుంది. పగులు ఎప్పుడూ తక్కువ ఒత్తిడి ఉన్న దిశలోనే నోరు తెరుస్తుంది. ప్రక్కల నుంచి నలిగే పర్వత మూలాల్లో తక్కువ ఒత్తిడి నిలువు దిశలో ఉండటం వల్ల, నిటారు భ్రంశాల పక్కన బల్లపరుపు పలుగు సిరలు కనిపిస్తాయి. ఈ అమరికలో పెద్ద ఖర్చు ఏమీ లేదు, ప్రదర్శనలో మాత్రం అందరినీ నిలబెట్టేది ఇదేనని నా అంచనా.

1988లో రిచర్డ్ సిబ్సన్, మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ క్రమాన్ని కవాటంతో పోల్చి వివరించారు. భ్రంశం మూసుకుని ఉన్నంతకాలం కింద నీటి ఒత్తిడి పెరుగుతుంది, అది ఒక హద్దు దాటగానే భూకంపంతో భ్రంశం జారుతుంది, నీరు పైకి దూసుకుపోయి ఒత్తిడి పడిపోతుంది, పడిపోయిన ఒత్తిడిలో సిలికా కరిగి ఉండలేక పలుగురాయిగా పేరుకుని దారిని మళ్ళీ మూసేస్తుంది. ఇలా వందల సార్లు, వేల సార్లు జరుగుతుంది. భ్రంశం జారిన క్షణంలో ఒత్తిడి పతనం చాలా తీవ్రంగా ఉంటే ద్రవం అప్పటికప్పుడే ఆవిరై, కరిగి ఉన్నదంతా తటాలున రాలిపోతుందని 2013లో డియాన్ వెదర్లీ, రిచర్డ్ హెన్లీ లెక్కలతో చూపారు.

అక్టోబరు, దసరా సెలవులు: సిర

గూన పెంకుల మధ్య ఖాళీకి రెండు చివరలా మైనం పూసి, పై పెంకుకు చిన్న బెజ్జం వేసి, పటిక బాగా కరిగించిన వేడినీటిని పోశాము. పటిక చన్నీటిలో కంటే మరిగే నీటిలో ఎన్నో రెట్లు ఎక్కువగా కరుగుతుంది, కాబట్టి చల్లారేకొద్దీ స్ఫటికాలుగా విడివడుతుంది. పెంకుల లోపలి తలాలకు ముందే పటిక పొడి రుద్ది ఉంచడం వల్ల స్ఫటికాలు రెండు గోడల నుంచీ మధ్యకు పెరిగాయి. రాతి సిరల్లోనూ పలుగు స్ఫటికాలు దువ్వెన పళ్ళలాగా గోడల నుంచి లోపలికి పెరిగిన జాడలు కనిపిస్తాయి.

ఒక్కసారి పోస్తే ఖాళీ నిండదు. పోసి, చల్లారనిచ్చి, మిగిలిన నీటిని వంచేసి, సన్నని బొగ్గుపొడి చల్లి మళ్ళీ పోస్తూ వచ్చాము. పెంకు పగలగొట్టి చూస్తే తెల్లని పట్టెల మధ్య నల్లని గీతలతో జీను ఆకారపు దిమ్మ చేతికి వచ్చింది. బెండిగో సిరల్లోనూ పలుగు పట్టెల మధ్య నల్లని పలకరాతి పొరలు సన్నగా చిక్కుకుని ఉంటాయి. పగులు తెరుచుకున్న ప్రతిసారీ గోడ నుంచి ఒక పొర ఊడి కొత్త పలుగులో కూరుకుపోవడమే దానికి కారణం. ఆ పట్టెల్లో ఒక్కొక్కటీ ఒక పగులుకు, ఒక పూడికకు లెక్క.

బంగారాన్ని దించే చర్య చూపడానికి బంగారం ఉపయోగించే స్తోమత మాకు లేదు. రాగి లవణమైన మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకులు వేస్తే వాటి మీద రాగి ఎర్రగా పేరుకుంటుంది. గోడ రాతిలోని ఇనుము ద్రావణంలోని లోహాన్ని బయటికి రప్పించగలదని చెప్పడానికి ఇది పనికివస్తుంది. అయితే రెండింటి రసాయనం ఒకటి కాదని అట్ట మీద స్పష్టంగా రాయించాను. మేకు విషయంలో ఇనుము తాను కరిగి రాగికి ఎలక్ట్రాన్లు ఇస్తుంది. రాతిలో ఇనుము గంధకాన్ని లాక్కుని పైరైట్‌గానో, ఆర్సెనిక్ కూడా ఉంటే ఆర్సెనోపైరైట్‌గానో మారుతుంది. తనను మోస్తున్న గంధకం పోగానే బంగారం నీటిలో ఉండలేక రాలిపోతుంది. నల్ల పలకరాతిలోని కార్బన్ కూడా ద్రవం స్వభావాన్ని మార్చి ఇదే పనికి తోడ్పడుతుంది. ఆస్ట్రేలియాలోని బల్లారట్ గనుల్లో పైరైట్ ఉన్న సన్నని నల్ల పలకరాతి పొరలను పలుగు సిరలు ఎక్కడ దాటితే అక్కడ బంగారం ముద్దలు దొరికేవి. కార్మికులు ఆ పొరలను ఇండికేటర్లని పిలుచుకుని వాటి వెంటే తవ్వారు. సిర మొత్తం ఒకే తీరుగా బంగారంతో నిండి ఉండదని, తెల్లగా మెరిసే పలుగులో చాలా భాగం వట్టిదేనని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

పెద్ద పెద్ద ముద్దల సంగతి ఒక పిల్లవాడు పట్టుకున్నాడు. 1869లో ఆస్ట్రేలియాలోని మొలియాగుల్‌లో 70 కిలోలకు పైబడిన బంగారు ముద్ద దొరికింది. ఇంత పలుచని ద్రావణం నుంచి అంత ముద్ద ఒకేచోట ఎలా పోగైందని అతని సందేహం. మోనాష్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2024లో ఒక సమాధానం ప్రతిపాదించారు. పలుగురాయిని నొక్కితే దానిలో విద్యుత్తు పుడుతుంది, గ్యాసు పొయ్యి వెలిగించే లైటర్లలో పనిచేసేదీ ఈ గుణమే. భూకంపపు కుదుపులకు సిరలోని పలుగులో పుట్టిన విద్యుత్తు ద్రవంలోని బంగారాన్ని లోహంగా మారుస్తుందని, పైగా లోహం విద్యుద్వాహకం కాబట్టి కొత్త బంగారం అప్పటికే ఉన్న రేణువు మీదే పేరుకుంటుందని వారు ప్రయోగశాలలో చూపారు. ఒక పాత లైటర్ విప్పి బల్ల మీద చేర్చాము.

నవంబరు, ప్రదర్శన

ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఊహించినదే. "ఇక్కడ కిలోమీటర్ల కొద్దీ మట్టి ఉందంటున్నారు కదండీ, మరి మన కింద బంగారం ఉన్నట్టేనా?" అని ఒక రైతు నిలదీసి అడిగారు. అంతవరకు అట్టలు చూపుతూ నిలబడ్డ ఎనిమిదో తరగతి అమ్మాయి ఆయనకు ఓపికగా సమాధానం చెప్పింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో అవక్షేపాల మందం కొన్నిచోట్ల ఐదు కిలోమీటర్లకు మించినా, అడుగున వేడి వంటనూనె కాగే స్థాయిని ఎంతో దాటదు. 450 డిగ్రీలు చాలా దూరం. అంతకంటే ముఖ్యంగా ఈ తీరం అంటార్కిటికా నుంచి విడిపోయేటప్పుడు సాగదీయబడి ఏర్పడింది. ఇక్కడి భ్రంశాలు సాగడం వల్ల పొరలు కిందికి జారినవి, పర్వతాలను నిలబెట్టే నలుగుడు ఈ పొరలకు తగలలేదు. మట్టి ఉంది, నీరు ఉంది, గంధకం ఉంది. మడత లేదు, చాలినంత వేడి లేదు. అందుకే మనకు గ్యాసు దొరుకుతోంది, పలుగు సిరలు కాదు. ఆ రైతు మట్టి సీసా మూత తీసి వాసన చూసి, తన చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటర్లు పెంచాలని అంటూ వెళ్ళారు.

జిల్లా స్థాయికి తీసుకువెళ్ళేలోపు రెండు మార్పులు చేయవలసి ఉంది. రబ్బరు పొరల స్థానంలో మైనం, ఇసుక కలిపిన పొరలు వేస్తే బిగించినప్పుడు భ్రంశం కూడా కనిపించే అవకాశం ఉంది. వడ్రంగి మరకు పొడవు పెంచి ఇస్తానన్నాడు. పటిక దిమ్మ తేమకు మసకబారుతోంది గనుక కోసిన ముఖానికి వార్నిష్ పూసి, నల్లగీతల పక్కన ఇనుప రజను చల్లి, మైలుతుత్తం ద్రావణం అక్కడే చుక్కలుగా వేసి, రాగి ఆ గీతల వెంట మాత్రమే తేలుతుందేమో చూడాలి.